నేను రాసిన గుంతల పట్టీ

2004 ఫిబ్రవరి 12, గురువారం, పొద్దున ఆరు గంటల నలభై నిమిషాలు. ఇంత కచ్చితంగా చెప్పడం నా జ్ఞాపకశక్తి గొప్ప కాదు. బండి బయల్దేరిన సమయాన్ని ఆ రోజు ఒక కాగితం మీద నేనే నా చేత్తో రాశాను. దాని నకలు నా ట్రంకుపెట్టెలో ఉంది. నలభై ఆరేళ్ళ వయసు దాకా వేలిముద్ర వేసినవాడిని కాబట్టి నేను రాసిన ఏ కాగితాన్నీ పారేయను. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

బయల్దేరింది హిందూపురం జీపుల స్టాండు నుంచి. బండి నాది కాదు. బెంగళూరు నుంచి వచ్చిన తెల్ల జీపు, ఇంకా అమ్మకానికి రాని రకం. చూడటానికి మామూలు జీపే కానీ ఒంటినిండా తీగలు. చక్రాల దగ్గర అగ్గిపెట్టెంత డబ్బాలు. బండి బరువు మోసే వెనక కమాను కట్టల దగ్గర బొట్టుబిళ్ళంత సన్నటి రేకులు అంటించారు. ఇనుము ఎంత సాగుతోందో ఆ రేకు చెబుతుందట. స్టీరింగుకు కూడా ఒక గుండ్రటి కడియం తొడిగారు. అది నా చేతికి అడ్డం వచ్చేది, నాకు నచ్చలేదు. వెనక సీట్ల మీద మనుషులకు బదులు ఇసుక మూటలు. ఇరవై ఏళ్ళు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య జీపు తోలాను, నోరు మెదపని ప్యాసింజర్లను ఆ రోజే చూశాను.

నన్ను ఆ బండి ఎక్కించింది మా అన్న కూతురు. ఆమె గురించి ముందు చెప్పాలి.

తొంభైల మొదట్లో ఒకసారి పెళ్ళివాళ్ళను జీపునిండా ఎక్కించుకుని పోతున్నాను. దారిలో ఒక బోర్డు పెట్టి ఉంది. మోరీ కూలింది, పక్క దారిన పొమ్మని దాని మీద రాసి ఉందట. నాకు బోర్డులన్నీ బొమ్మలే. నేరుగా పోయి, వాగు మీద కూలిన ఆ మోరీ అంచున బ్రేకు తొక్కాను. ముందు చక్రానికీ గుంతకూ మధ్య మూరెడు నేల మిగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. పెళ్ళికొడుకు తండ్రి మాత్రం దిగి, "బోర్డు కనపల్లేదా?" అన్నాడు. కనపడింది అని నేను చెప్పలేదు. మరుసటి వారమే మా అన్న కూతురి ముందు పలక పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు తను ఎనిమిదో తరగతి. మా వీధిలో సాయంత్రం పూట పెద్దవాళ్ళకు చదువు చెప్పేవాళ్ళలో తనొకతి. ఎనిమిది నెలల్లో నా చేత పేపరు చదివించింది. తప్పు చదివితే మొట్టికాయ వేయడానికి చెయ్యెత్తి, చిన్నాయనను కదా అని దించుకునేది.

తరువాత తను ఇంజినీరింగు చదివి బెంగళూరులో ఒక బండ్ల కంపెనీలో చేరింది. ఏం పని అంటే ఎవరికీ అర్థమయ్యేట్టు చెప్పేది కాదు. ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు ఒళ్ళో కంప్యూటరు తెరిచి నాకు చూపించింది. తెర మీద గీతలతో చేసిన జీపు ఒకటి ఎగిరెగిరి పడుతోంది.

"ముందు పదీ ఇరవై బండ్లు చేసి, దావ మీద తోలి, యాడ ఇరుగుతాదో చూసేవాళ్ళు చిన్నాయనా. ఇప్పుడు అట్ల కాదు. ముందే ఈడ చేసి, ఈడనే తోలి, ఈడనే ఇరగ్గొడతాం. యాడ ఇరుగుతాదో తెలిసినాక ఆడ ఇనుము మందం చేస్తాం. ఆ తర్వాతే నిజం బండి ఒకటి చేసి, కంప్యూటరు చెప్పింది నిజమా కాదా అని చూసుకుంటాం."

"ఇంకా పుట్టని బండి ఇరిగిందని చెప్పే మిషనా ఇది? మీ అవ్వ గూడా అంతే. మబ్బు పట్టకముందే గొడుగు తడిసిందనేది."

తను నవ్వలేదు. "బండి ఉండాది చిన్నాయనా. తోలేదానికి దావ లేదు. ఉండేవి వేరే దేశాల దావలు, నున్నటివి. నాకు మన దావ కావల్ల."

హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఎక్కడ ఏ గుంత ఉందో రాసివ్వమంది. నోటితో చెబుతాను, నువ్వు రాసుకో అన్నాను. "అక్షరాలు నేర్పించింది ఎందుకు మరి?" అంది. ఒప్పుకున్నాను. ఖాళీగా తిరిగి వచ్చే ట్రిప్పుల్లో బండి ఆపుకుంటూ, కట్టెతో లోతు చూసి, పలుపు తాడుతో వెడల్పు కొలిచి తొమ్మిది రోజులు రాశాను. కొలతలన్నీ జానలు, బెత్తెలు, మూరలు. తను వచ్చి నా చెయ్యి స్కేలు మీద చాపించి, నా జాన ఎన్ని అంగుళాలో చూసుకుని మొత్తం లెక్క మార్చుకుంది. నోటుబుక్కులో ముప్పాతిక నిండింది. గుంత అనే మాటను నేను రాసినన్నిసార్లు ఈ జిల్లాలో ఇంకెవరూ రాసి ఉండరు.

ఆ గుంతలన్నీ కంప్యూటరులో పోసి, గీతల జీపును వాటి మీద తోలింది. వెనక కమాను కట్ట చివరను చాసిస్‌కు పట్టుకుని ఉండే ఇనుప బ్రాకెట్టు ఏడాది తిరక్కుండా చిట్లుతుందని తేలింది. అది చిట్లితే నిండు జీపు నడిదారిలో ఒక పక్కకు ఒరిగిపోతుంది. దాన్ని మందం చెయ్యాలని తను రాసింది. ఆఫీసులో పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. ఒక జీపు డ్రైవరు జానలతో కొలిచిన గుంతలను పట్టుకుని డ్రాయింగు మారుస్తారా అన్నారట. సోమవారం ఆ డ్రాయింగు అచ్చులు చేసే షెడ్డుకు పోతుంది. పోతే ఇంక మార్చడం ఉండదు. ఆలోపల నిజం బండిని నిజం దారిలో తోలి, రేకులు చెప్పేదీ కంప్యూటరు చెప్పిందీ ఒకటే అని చూపిస్తే మారుస్తారు. చూపించలేకపోతే తనను ఆ పని నుంచి తీసేస్తారు. అప్పటికి తను పర్మినెంటు కూడా కాలేదు. ఈ మాట వాళ్ళ నాయనకు చెప్పలేదు, నాకే చెప్పింది.

అందుకే ఆ గురువారం. బండిలో నలుగురం. స్టీరింగు దగ్గర నేను. దారి తెలిసిన మనిషి తోలాలని తనే పట్టుబట్టింది. నా పక్కన తన పైఆఫీసరు, కన్నడం మాట్లాడే పెద్దమనిషి, మెత్తటి మాట. వెనక ఇసుక మూటల మధ్య తనూ, కంపెనీ డ్రైవరూ. ఆ డ్రైవరు చామరాజనగరం వైపు మనిషి. బండి తన చేతిలోంచి నా చేతికి పోయిందని ముఖం ముడుచుకుని కూర్చున్నాడు.

సోమందేపల్లి దాకా రోడ్డు అధ్వానం, అక్కడి నుంచి హైవే. నేను ఎప్పటిలాగే తోలాను. ఎనిమిదింబావుకు పెనుకొండ చేరి, కొండ కింద మేము ఎప్పుడూ ఆగే టీ అంగడి ముందు ఆపాను. అంగడి నడిపే అవ్వ నాకు పెళ్ళి కాకముందు నుంచి తెలుసు.

మా పాప, అదే మా అన్న కూతురు, కంప్యూటరు తెరిచి బల్ల మీద పెట్టింది. కాసేపు చూసింది. తాగడానికి ఎత్తిన గ్లాసు అలాగే దించింది.

"సగం గూడా లేదు," అంది.

కంప్యూటరు చెప్పిన దెబ్బలో సగం కూడా రేకులకు తగల్లేదట. పైఆఫీసరు కూడా చూశాడు. కోపం లేకుండా, హిందూపురంలో పనిచేసిన కన్నడ మాస్టర్ల తెలుగులో అన్నాడు: "చూడమ్మా, బండి అబద్ధం చెప్పదు. మీ చిన్నాయన గుంతలు కొంచెం పెద్దవి చేసి రాసినట్టుండాయి. ఇంక ధర్మవరం దాకా పోయేది ఏముండాది? ఈడి నుంచే వెనక్కి తిరుగుదాం."

నాకు ఒళ్ళు మండింది. "సార్, నేను ఊహించి రాయలేదు. కొలిచి రాసినా. పదండి, వెనక్కి పోయి ఒక్కొక్క గుంతలో కట్టె పెట్టి చూపిస్తా."

"టైం లేదప్పా," అన్నాడు.

మా పాప నా వైపు చూడలేదు. నేను అబద్ధం రాశానని తను అనుకోలేదు, అది నాకు తెలుసు. కానీ తన చేత అక్షరాలు నేర్చుకున్నవాడు రాసిన మొదటి పెద్ద రాత వల్ల తన ఉద్యోగం పోయేట్టుంది.

అప్పుడు వచ్చాడు ధర్మవరం మగ్గం ఆయన. సొంత మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. వారానికొకసారి నా జీపులోనే తిరుగుతాడు. ముందు రోజు పెనుకొండలో కూతురింట్లో ఉండి, పట్టునూలు మూట చంకలో పెట్టుకుని జీపు కోసం చూస్తున్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏమప్పా, ఈ జీపుకు జరమొచ్చిందా, ఇన్ని తీగలు పెట్టినారు?"

"ఇది ప్యాసింజర్ల బండి కాదబ్బా. ఇసుక మూటలకే సీట్లు."

"ఇసుకను కూసోబెట్టి మనిషిని నిలబెట్టినారా. మంచి కంపెనీనే."

"ఇంకో జీపు వస్తాదిలే, పో."

"ఇంకో జీపు వద్దనే గదా ఇంతసేపు కాసుకోనుండేది. వేరేవాళ్ళ జీపులో కన్ను మూసినానంటే కమ్మీకి తల కొట్టుకోని బుర్ర వాచిపోతాది. నీ జీపులో ధర్మవరం దాకా ఒక్క గుంత తెలిసింది లేదు నాకు. హాయిగా పండుకుంటా."

మా పాప తలెత్తింది. "ఏమన్నావు పెదనాయనా?"

"అదేమ్మా. పాము మాదిరి మెలికలు తిరుక్కుంటా పోతాడు గదా మీ చిన్నాయన. నువ్వెప్పుడూ చూడ్లేదా?"

"ఎవరు మెలికలు తిరిగేది?" అన్నాను. "నేను నేరుగా పోతా."

టీ అంగడి అవ్వ పాలు పొంగకుండా చూసుకుంటూనే అంది: "నేరుగా పోతాడంట. మా కొత్త కోడలు మొదటిసారి నీ జీపు చూసి, అవ్వా, ఆ వచ్చేవాడు తాగి వస్తాండాడా అనింది."

పైఆఫీసరు నవ్వాడు. మా పాప నవ్వలేదు. గబగబా కంప్యూటరులో ఇంకో గీత తెరిచింది. నాకు నచ్చని ఆ స్టీరింగు కడియం, నా చెయ్యి ఎటు తిరిగితే అటు గీసిన గీత అది. రోడ్డు నేరుగా ఉన్న చోట కూడా ఆ గీత అటూ ఇటూ వంకర్లు పోతోంది. పక్కన నా నోటుబుక్కు పెట్టి వేలితో ఒక్కొక్కటీ చూపించింది. చింతమాను దగ్గర జానెడు గుంత, ఎడమ పక్క. గీత కుడికి వంగింది. ఇటుకల బట్టీ ముందు రెండు బెత్తెలు, కుడి పక్క. గీత ఎడమకు వంగింది. నేను రాసిన ప్రతి గుంత దగ్గరా ఒక వంకర.

"నువ్వు రాసిన గుంతలన్నీ ఉండాయి చిన్నాయనా. ఒక్కదాంట్లో గూడా చక్రం పెట్టలేదు నువ్వు."

నిజం చెబుతున్నాను, నాకు తెలియదు. ఆ పొద్దు అంతా రోడ్డు వైపు చూస్తూ, బండి వాసన కొత్తగా ఉందనీ, క్లచ్చు మెత్తగా ఉందనీ ఆలోచిస్తున్నాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఇరవై ఏళ్ళుగా నాకు చెప్పకుండానే చేస్తున్నాయి. జీపు కొనేవాడికి ఆ చేతులు రావు కదా. వాడు గుంతలో పడతాడు. అది చూడటానికి వచ్చిన బండిని నేను గుంత తగలకుండా పెనుకొండ తెచ్చి పెట్టాను.

"సరే," అన్నాడు పైఆఫీసరు. "ఇప్పుడు గుంతల్లో తోలు చూద్దాం."

అది ఎంత కష్టమో మీకు చెప్పలేను. అంగడి దాటిన వెంటనే బెత్తెడు గుంత ఒకటి ఉంది. దానికి నేరుగా పట్టాను. దగ్గరికి రాగానే చెయ్యి తిరిగింది. వెనక్కి వచ్చి మళ్ళీ పట్టాను. మళ్ళీ తిరిగింది. మూడోసారి చేతులు బిగబట్టాను, కాలు బ్రేకు తొక్కింది. రోడ్డు పక్కన నిలబడి చూస్తున్న మగ్గం ఆయన, "గుంతలో పడేదానికి గూడా ఇన్ని తిప్పలా," అన్నాడు.

బండి ఆపి దిగాను. "నా చేత కాదు సార్. మీ డ్రైవరును తోలమనండి."

ఆ డ్రైవరు ముఖం అప్పుడు విప్పారింది. నేను పక్క సీటులో కూర్చున్నాను. పైఆఫీసరు వెనక్కి పోయాడు. పోతూ పోతూ ఒక ఇసుక మూటను అవ్వ అంగడి ముందు దింపించి, మగ్గం ఆయనను ఎక్కమన్నాడు.

"మూట అరవై కిలోలు. నువ్వెంతప్పా?"

"నేను యాభై దాటను. ఈ నూలు మూటతో కలిపితే సరిపోతాది సార్."

నూలుతో సహా కూర్చోబెట్టుకున్నారు.

కానీ ఆ డ్రైవరు కూడా డ్రైవరే. ముందున్న గుంత కనిపిస్తే ఎవడైనా పక్కకు తిప్పుతాడు. పైగా, "బండికి ఏమైనా అయితే నన్నే అంటారు," అని సణిగాడు. ఎడమకు, కుడికి అని నేనే చెబుతానన్నాను. మొదటి గుంత వచ్చింది. ఎడమ చక్రం దాంట్లో పడాలి. నా నోరు, "కుడికి పట్టు," అంది. వెనక నుంచి అందరూ నవ్వారు. చేతులే కాదు, నోరు కూడా గుంత తప్పించడమే నేర్చుకుంది.

అప్పుడు మా పాప వెనక నుంచి నోటుబుక్కు ఇచ్చింది. "చూసి చదువు చిన్నాయనా. ఆలోచించద్దు. రాసింది రాసినట్టు చదువు."

చదివాను. చెన్నేకొత్తపల్లి దాకా హైవే కాబట్టి నాలుగైదే. అక్కడ ధర్మవరం రోడ్డుకు తిరిగాక ఇంక ఊపిరి పీల్చుకునే సందు లేదు. "పంపుసెట్టు రూము దాటినాక ఎడమ చక్రం, జానెడు. మోరీ మీద రెండు చక్రాలూ, బెత్తెడు. కనగానపల్లి నుంచి వచ్చే దావ కలిసే చోట కుడి చక్రం, జానా బెత్తెడు, పొడుగు రెండు మూరలు." నేను చదవడం, ఆయన పట్టడం, బండి దభీమని పడటం. మనుషులూ మూటలూ ఒక్కసారే ఎగిరేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా నాకు తెలిసిన గుంతలు, ఆ రోజే వాటి లోపలికి పోయాను. కొన్ని నేను రాసినదానికన్నా లోతుగా ఉన్నట్టు నా నడుముకు తెలిసింది.

మగ్గం ఆయన తల కమ్మీకి కొట్టుకుంది. "ఇదేనా ఆ కనగానపల్లి దావ గుంత? ఇన్నేండ్లకు పరిచయమయింది."

"నిదర పోతివి గదా ఇన్నేండ్లూ."

"ఈ పొద్దు లేపినావులే."

ఒక చోట మా పాప వెనక నుంచి ముందుకు వంగి నా నోటుబుక్కు వైపు చూసింది. నేను మొదట్లో చదివేటప్పుడు అక్షరాల కింద వేలు పెట్టుకునేవాడిని. వేలు తీసి చదువు అని ఎన్నోసార్లు గదమాయించేది. ఎగిరే బండిలో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఒక చేత్తో పుస్తకం పట్టుకున్నాను. వేలు పెట్టడానికి చెయ్యి ఎక్కడుంది? తనకు గదమాయించే పని లేకపోయింది, వెనక్కి వాలింది.

పదీముప్పావుకు ధర్మవరం చేరాం. మగ్గాల వీధి మొదట్లో బండి ఆపి, అరుగు మీద కంప్యూటరు తెరిచింది. రెండు గీతలు. ఎర్రది కంప్యూటరు ముందే చెప్పినది, నీలంది రేకులు ఆ రోజు చెప్పినది. అవి ఒకదాని మీద ఒకటి పడి, చాలా చోట్ల రెండు రంగులు విడిగా కనిపించలేదు. రెండు మూడు చోట్ల నీలం గీతే కొంచెం పైకి పోయింది. పైఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. తరువాత, "ఆయ్తు," అన్నాడు. హిందూపురం వాడికి ఆ మాట విప్పి చెప్పాల్సిన పని లేదు. సరే, అయిపోయింది, అని. ఆ అరుగు మీద నుంచే బెంగళూరుకు ఫోను చేసి, బ్రాకెట్టు డ్రాయింగు ఆపమని చెప్పాడు.

ఫోను పెట్టేశాక నా దగ్గరికి వచ్చి, "ఆ పుస్తకం మాకిస్తావాప్పా?" అన్నాడు.

"ఇవ్వను సార్. కావాలంటే జెరాక్సు తీసుకోండి."

తీసుకున్నారు. మగ్గం ఆయన భార్య అందరికీ బొరుగుల ఉగ్గానీ, మిరపకాయ బజ్జీలూ పెట్టింది. నడుము నొప్పితో కూర్చోలేక నేను నిలబడే తిన్నాను. అంత రుచైన ఉగ్గాని మళ్ళీ తినలేదు. మా ఇంజినీరమ్మ మూడు బజ్జీలు తినింది. పొద్దున పెనుకొండలో టీ కూడా తాగలేదు కదా.

ఏప్రిల్‌లో తను పర్మినెంటు అయింది. మరుసటి ఏడు ఆ జీపులు మా దారుల్లోకి వచ్చాయి. ఒకటి స్టాండులో నిలబడి ఉంటే కిందికి దూరి చూశాను. బ్రాకెట్టు మందంగా ఉంది. ఆ జీపు ఓనరు, "ఏమి చూస్తాండావప్పా?" అన్నాడు. "ఏం లేదు, నా రాత చూసుకుంటాండా," అన్నాను. అతనికి అర్థం కాలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు హైవే నాలుగు వరుసలయింది, ధర్మవరం రోడ్డు కూడా కొత్తగా వేశారు. నా పట్టీలోని గుంత ఒక్కటీ మిగల్లేదు. పట్టీ మాత్రం ఉంది.

నేను బయల్దేరిన సమయం రాసిన ఆ రోజు కాగితంలో చివర ఒక గడి ఉంది. హాజరైనవారు అని. దాన్ని నింపమని మా పాప నాకే ఇచ్చింది. పైఆఫీసరు ఇంగ్లీషులో నింపబోతే, "ఆయన రాస్తాడు సార్," అని ఆపింది. కంపెనీవాళ్ళను మాత్రమే రాస్తే చాలట. నేను ఒప్పుకోలేదు. ఎవరి మాట లేకపోతే ఆ పని అయ్యేది కాదో వాళ్ళందరినీ రాస్తానన్నాను. పేర్లు ఆ కాగితంలో ఉన్నాయి, ఇక్కడ అక్కర్లేదు. మనుషులను చెబుతాను. బండి తోలిన చామరాజనగరం డ్రైవరు. ఆయ్తు అన్న పైఆఫీసరు. పెనుకొండ టీ అంగడి అవ్వ, అక్కడ లేని ఆమె కొత్త కోడలి మాటతో సహా. అరవై కిలోల ఇసుకకు బదులు కూర్చున్న ధర్మవరం మగ్గం ఆయన. ఉగ్గాని పెట్టిన ఆయన భార్య. మా అన్న కూతురు, నాకు అక్షరాలు చెప్పిన ఇంజినీరమ్మ. అన్నిటికన్నా కింద, గుంతలు కొలిచినవాడు అని రాసి, నేను.